స్కాలర్‌షిప్ గ్యారంటీ అన్నారు, 3.8 లక్షలు కట్టాం: అమెరికా బ్యాచిలర్స్‌కి పిల్లల్ని పంపాలనుకునేవాళ్ళకు హెచ్చరిక

పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్ళల్లో ఇప్పుడు కాలేజీల లిస్టు గురించే మాటలు. ఏటా ఆగస్టు 1న కామన్ యాప్ (ఒకే చోట నుంచి చాలా అమెరికా కాలేజీలకు దరఖాస్తు పెట్టే వెబ్‌సైట్) కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది, కన్సల్టెన్సీల నుంచి ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటాయి. మీలో ఎవరైనా అమెరికాలో బ్యాచిలర్స్‌కి, అదీ స్కాలర్‌షిప్ మీద పంపుదామని అడ్వాన్స్ కట్టబోతుంటే దయచేసి ఒక్క పూట ఆగి ఇది చదవండి. పోయిన ఏడాది మేం 3,80,000 రూపాయలు కట్టాం. డబ్బు పోయింది, పిల్లకు వచ్చిన మంచి సీటూ పోయింది. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాం కాబట్టి ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు.

మా అమ్మాయి సీబీఎస్ఈలో చదివింది. మార్కులు బాగుంటాయి, అమెరికా కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1480 వచ్చింది. ఏడేళ్ళ వయసు నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. స్కూల్ క్విజ్ టీమ్‌లో ఉండేది. ఆదివారాలు మా వీధి చివర ప్రభుత్వ పాఠశాల పిల్లలు నలుగురైదుగురు మా వరండాలో కూర్చుంటే వాళ్ళకు భిన్నాలు, శాతాలు చెప్పేది. ఒలింపియాడ్ మెడల్ లేదు, పేటెంట్ లేదు. అన్నిట్లో ఇష్టంగా చేసే పిల్ల. ఏడాదికి 20 లక్షలకు మించి మేం పెట్టలేం. ఆ మాట మొదటి రోజే కౌన్సెలర్‌తో చెప్పాం, నోట్‌బుక్‌లో రాసుకున్నాడు కూడా.

ఆఫీసు గోడ మీద పెద్ద ఫ్లెక్సీ ఉంది. "మా విద్యార్థికి 80 లక్షల స్కాలర్‌షిప్" అని, పక్కన నవ్వుతున్న అబ్బాయి ఫొటో. నేను బ్యాంకులో పని చేస్తాను, రోజంతా అంకెలతోనే ఉంటాను. అయినా ఆ 80 లక్షలు చూసి మురిసిపోయాను. మా అమ్మాయికి అచ్చం అలాంటి ఆఫర్ ఒకటి వచ్చాకే కాగితం తీసుకుని లెక్క వేశాను. ఏడాదికి 24,000 డాలర్లు, నాలుగేళ్ళకు 96,000. డాలర్ 84 రూపాయల చొప్పున 80 లక్షలు దాటింది, అబద్ధం లేదు. కానీ ఆ కాలేజీలో ఫీజు, హాస్టల్, తిండి, ఇన్సూరెన్స్ కలిపి ఏడాదికి 78,000 డాలర్లు. అందులో 24,000 తీసేస్తే 54,000 మనం కట్టాలి. ఏడాదికి 45 లక్షలు, నాలుగేళ్ళకు కోటీ ఎనభై లక్షలు. పైగా ఫీజు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ అంకె సాధారణంగా పెరగదు. కాబట్టి ఎవరు ఎంత స్కాలర్‌షిప్ ఇప్పిస్తామన్నా "మా చేతి నుంచి ఏడాదికి ఎంత పోతుంది?" అని ఒక్క మాట అడిగి, జవాబు కాగితం మీద రాయించుకోండి.

వాళ్ళు ఇచ్చిన లిస్టులో 14 కాలేజీలు. పైన డ్రీమ్, రీచ్ (అంటే సీటు దొరకడం చాలా కష్టమైనవి) అని హార్వర్డ్, కొలంబియా, స్టాన్‌ఫర్డ్, ఇంకో రెండు పెద్ద పేర్లు. కింద మేం ఎప్పుడూ వినని తొమ్మిది. ఆ తొమ్మిదీ వాళ్ళ వెబ్‌సైట్‌లో "మా భాగస్వామ్య విశ్వవిద్యాలయాలు" అన్న పేజీలో ఉన్నవే అని మార్చిలో గాని మేం గమనించలేదు. విదేశాల నుంచి విద్యార్థుల్ని తెచ్చే ఏజెంట్లకు కమిషన్ ఇచ్చే యూనివర్సిటీలు అమెరికాలో చాలా ఉన్నాయి, అది చట్టవిరుద్ధం కాదు. కమిషన్ తీసుకుంటూ మన దగ్గరా ఫీజు తీసుకుని, ఆ సంగతి మనకు చెప్పకపోవడం మాత్రం మోసమే. హార్వర్డ్ లాంటివి ఏజెంట్లకు డబ్బివ్వవు. అందుకే ఆ పేర్లు లిస్టుకు అందం కోసం పెడతారు, శ్రద్ధంతా కింది తొమ్మిది మీదే.

అసలు దెబ్బ మాత్రం వేరే చోట తగిలింది.

కామన్ యాప్‌లో ప్రతి కాలేజీ దగ్గరా ఒక ప్రశ్న ఉంటుంది: ఆర్థిక సహాయం కోసం దరఖాస్తు చేస్తారా, అవునా కాదా అని. మా కౌన్సెలర్ అన్నిచోట్లా "కాదు" అని పెట్టాడు. మాకు చూపించలేదు. అకౌంట్ తెరిచింది వాళ్ళ ఈమెయిల్‌తో, పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరే. నవంబర్‌లో ఒకసారి మా అమ్మాయి అడిగితే, "ఎయిడ్ అడిగితే రిజెక్ట్ చేస్తారు తల్లీ, ముందు సీటు రానీ, తర్వాత మనం మాట్లాడుకుందాం" అన్నాడట. నమ్మాం.

మార్చి చివర్లో ఒక మంచి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (రకరకాల సబ్జెక్టులు కలిపి బ్యాచిలర్స్ చెప్పే చిన్న కాలేజీ) నుంచి సీటు వచ్చింది. ఆ కాలేజీని లిస్టులో చేర్చమని పట్టుబట్టింది మా అమ్మాయే. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరం పడుకోలేదు. స్వీట్లు కూడా పంచాం. రెండు రోజుల తర్వాత ఆర్థిక సహాయం గురించి ఆ కాలేజీకి మెయిల్ పెట్టాం. జవాబు మర్యాదగానే వచ్చింది: అడ్మిషన్ దరఖాస్తు సమయంలో సహాయం అడగని విదేశీ విద్యార్థులకు తర్వాత ఇవ్వడం కుదరదు, నాలుగేళ్ళలో ఎప్పుడూ కుదరదు. ఆ నియమం వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందు నుంచీ ఉంది. మేం చదవలేదు. డబ్బు తీసుకుని చదవాల్సినవాళ్ళూ చదవలేదు. మా అమ్మాయి ఆ మెయిల్ రెండుసార్లు చదివి, ఫోన్ నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఇలాంటి నియమం చాలా కాలేజీల్లో ఉంది. సీటొచ్చాక మాట్లాడుకుందాం అని మీతో ఎవరన్నా అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.

వ్యాసాల సంగతి కూడా చెప్పాలి. 650 పదాల ప్రధాన వ్యాసం మా అమ్మాయి తన వరండా క్లాసు గురించి రాసుకుంది. ఒక పిల్లవాడు మూడో వంతు అంటే ఏమిటో అర్థం కాక, ఇంట్లో ముగ్గురు అన్నదమ్ములు ఒక రొట్టె పంచుకునే పద్ధతి చెప్పి తనే అర్థం చేసుకున్న సంఘటన అది. ఇది చాలా మామూలుగా ఉంది, "వెల్ రౌండెడ్", అంటే అన్నిట్లో కాస్త కాస్త చేసే, పిల్లలకు ఈ రోజుల్లో డిమాండ్ లేదు, ఏదో ఒకటి పదునుగా కనపడాలి అని కౌన్సెలర్ పక్కన పెట్టేశాడు. నాలుగు రోజులకు వాళ్ళే ఒక వ్యాసం రాసి పంపారు. అందులో మా అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద తరంగం ఆడుతుంటే కాళ్ళు కోసుకుని రక్తం కారిందట, అయినా ఆపలేదట, అందులోంచి జీవితం నేర్చుకుందట. అది అసలు తరంగం నేర్చుకోనేలేదు. వాళ్ళ గురువుగారు వచ్చే ఏడాది చెబుతానన్నారు. "అమ్మా, ఇది నేను కాదు. రేపు ఎవరైనా పళ్ళెం ఇచ్చి ఆడమంటే నేనేం చెయ్యాలి?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేదు. పిల్ల గట్టిగా నిలబడి తన వ్యాసమే పంపించింది, ఆ కాలేజీ సీటిచ్చింది ఆ వ్యాసానికే అని నా నమ్మకం.

సిఫారసు లేఖలూ అంతే. స్కూల్ లెటర్‌హెడ్ తెప్పించండి, మేం రాసుకుంటాం అన్నారు. కామన్ యాప్‌లో చివర పిల్లలు సంతకం చేస్తారు, ఇందులో ఉన్నదంతా నా పనే, నిజమే అని. అబద్ధమని తేలితే సీటిచ్చాక కూడా వెనక్కి తీసుకుంటారు. ఆ సంతకం కన్సల్టెన్సీది కాదు, మన పిల్లది.

ఏప్రిల్‌లో మేం నిలదీస్తే వాళ్ళు చెప్పిన ఉపాయం వింటే భయం వేస్తుంది. "సార్ ఉద్యోగం పోయినట్టు, ఆదాయం పడిపోయినట్టు కాగితాలు పెడదాం, మన సీఏ ఉన్నాడు, అప్పీల్ చేద్దాం" అన్నారు. 2024లో పెన్సిల్వేనియాలో ఒక భారతీయ విద్యార్థి నకిలీ కాగితాలతో, బతికున్న తండ్రి చనిపోయినట్టు చూపించి పూర్తి సహాయంతో సీటు సంపాదించి, అరెస్టయి చదువు పోగొట్టుకుని వెనక్కి వచ్చాడు. మేం ఒప్పుకోలేదు. సీటు ఖాయం చేసుకోవాల్సిన మే 1 గడువు దాటింది, సీటు వదిలేశాం.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఏప్రిల్ నుంచి నేనూ మా అమ్మాయీ రాత్రిళ్ళు కూర్చుని కాలేజీల సొంత వెబ్‌సైట్లే చదివాం. కన్సల్టెన్సీ ఏడాదంతా చెప్పనివి అక్కడ ఉచితంగా ఉన్నాయి.

స్కాలర్‌షిప్ అని మనం ఒకే పేరు పెట్టి పిలిచేది నిజానికి రెండు రకాల డబ్బు. ప్రతిభకు ఇచ్చేది ఒకటి, కుటుంబ అవసరం చూసి ఇచ్చేది ఇంకోటి. హార్వర్డ్, యేల్ లాంటి పేరున్న ఐవీ లీగ్‌లోని ఎనిమిది యూనివర్సిటీలూ ప్రతిభ స్కాలర్‌షిప్ ఇవ్వవు, ఇచ్చేదంతా అవసరాన్ని బట్టే. ఎంఐటీ, ఆమ్హెర్స్ట్ కూడా అంతే. మాతో మాత్రం "ఐవీలో 50 శాతం మెరిట్ స్కాలర్‌షిప్ ఇప్పిస్తాం" అన్నారు. మీ కన్సల్టెన్సీని ఇదే అడిగి చూడండి. ఇప్పిస్తామంటే అక్కడితోనే తెలిసిపోతుంది.

హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్హెర్స్ట్, 2022 నుంచి డార్ట్‌మత్, బోడిన్ కూడా విదేశీ విద్యార్థి సహాయం అడిగాడా లేదా అన్నది అడ్మిషన్‌లో చూడవు. సీటిస్తే అవసరం మొత్తం భరిస్తాయి. అంటే ఈ కాలేజీల్లో "కాదు" అని పెట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు, పోయేది మాత్రం అంతా. వందమంది దరఖాస్తు చేస్తే పదిమందికి కూడా సీటు రాని చోట్లు ఇవి, కాబట్టి రీచ్ అన్న మాట వీటికి సరిగ్గా సరిపోతుంది. మిగతా చాలా చోట్ల సహాయం అడిగితే అవకాశం కొంత తగ్గే మాట నిజమే. ఆ సగం నిజాన్నే మాకు అమ్మారు. కట్టలేని సీటు వచ్చినా రానట్టే అన్న మిగతా సగం మేం అనుభవించి తెలుసుకున్నాం.

ఇక చదువుతో పాటు నాయకత్వం, తోటివాళ్ళ కోసం చేసిన పని చూసి పెద్ద మొత్తం ఇచ్చేవి వేరే ఉన్నాయి, మా అమ్మాయి లాంటి పిల్లలకు సరిగ్గా నప్పేవి. వాషింగ్టన్ అండ్ లీ యూనివర్సిటీలో జాన్సన్ స్కాలర్‌షిప్, రిచ్‌మండ్ యూనివర్సిటీలో రిచ్‌మండ్ స్కాలర్స్, వాండర్‌బిల్ట్‌లో కార్నీలియస్ వాండర్‌బిల్ట్, ఛాన్సలర్స్ స్కాలర్‌షిప్పులు, బోస్టన్ యూనివర్సిటీ ట్రస్టీ స్కాలర్‌షిప్. ట్యూషన్ మొత్తం ఇచ్చేవి, హాస్టల్, తిండి కూడా ఇచ్చేవి ఇందులో ఉన్నాయి. వీటిలో ఒక్క పేరు కూడా మా లిస్టులో లేదు. కార్నెల్‌లో భారతీయ విద్యార్థుల కోసమే 2008లో టాటా ట్రస్టు ఇచ్చిన 2.5 కోట్ల డాలర్ల నిధి నుంచి నడిచే టాటా స్కాలర్‌షిప్ ఉంది, అవసరాన్ని బట్టి ఇస్తారు. దాని ఊసే ఎత్తలేదు.

వీటి గడువులు కూడా ముందే వస్తాయి. మేం చూసినప్పుడు వాండర్‌బిల్ట్, బోస్టన్, జాన్సన్ మూడూ డిసెంబర్ 1. యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో మెరిట్ కోసం అయితే నవంబర్ 1 లోపే దరఖాస్తు వెళ్ళాలి. మా అమ్మాయి దరఖాస్తులన్నీ వెళ్ళింది డిసెంబర్ 30 రాత్రి పదకొండుకి. మీ ఏడాది తేదీలు కాలేజీ సైట్‌లోనే చూసుకోండి, ఎవరి నోటి మాటా నమ్మకండి.

ఒక కాలేజీ విదేశీ పిల్లలకు నిజంగా ఎంత ఇస్తుందో తెలియాలంటే దాని పేరు పక్కన "కామన్ డేటా సెట్" అని వెతకండి. అందులో హెచ్6 అన్న భాగంలో ఎంతమంది విదేశీ విద్యార్థులకు సహాయం ఇచ్చారు, సగటున ఎంత ఇచ్చారు అన్నది ఉంటుంది. ఆ పేజీ చదవడానికి మాకు పది నిమిషాలు పట్టింది. మూడు లక్షల ఎనభై వేలకు ఎవరూ చదివి పెట్టలేదు. అవసరాన్ని బట్టి ఇచ్చే చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ (కుటుంబ ఆదాయం, ఆస్తుల వివరాలు నింపే ఆన్‌లైన్ ఫారం) అడుగుతాయి. దానికి మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. కట్టలేకపోతే కాలేజీకి రాసి అడగండి, కొన్ని కోడ్ పంపి మాఫీ చేస్తాయి. మనుషులతోనే మాట్లాడాలంటే అమెరికా విదేశాంగ శాఖ నడిపే ఎడ్యుకేషన్ యూఎస్ఏ కేంద్రం హైదరాబాద్‌లోనూ ఉంది, ఏ కాలేజీ నుంచీ కమిషన్ తీసుకోదు. మన దగ్గర కన్సల్టెన్సీలు చాలావరకు ఎంఎస్ పంపడంలో ఆరితేరినవి. బ్యాచిలర్స్ పూర్తిగా వేరే లోకమని మాకు ముందే తెలిసుంటే బాగుండేది.

డబ్బు వెనక్కి అడిగితే "సర్వీస్ ఇచ్చేశాం, మీ సంతకం ఉంది" అన్నారు. ఒప్పందంలో చిన్న అక్షరాల్లో రీఫండ్ లేదని ఉంది, బిల్లు మాత్రం సగం మొత్తానికే ఇచ్చారు. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాం, తర్వాత జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేశాం. 5 లక్షల లోపు మొత్తానికి ఫిర్యాదు రుసుము లేదు, రెండేళ్ళ లోపు వెయ్యాలి. వాట్సాప్‌లో వాళ్ళు పంపిన "గ్యారంటీ" మెసేజ్‌లు, ఫ్లెక్సీ ఫొటో, బ్యాంకు రసీదులు జతచేశాం. మీరూ మోసపోయి ఉంటే చాట్లు చెరిపేయకండి, ఫోన్ మార్చేముందు కాపీ పెట్టుకోండి.

మా అమ్మాయి ఈ ఏడాది కాలేజీలో చేరకుండా ఆగింది. పగలు ఒక స్కూల్లో లెక్కల టీచర్‌కి సాయంగా వెళ్తోంది, సాయంత్రాలు తరంగం నేర్చుకుంటోంది. కామన్ యాప్ అకౌంట్ ఈసారి తన ఈమెయిల్‌తో తనే తెరుచుకుంది. ఎనిమిది కాలేజీలు పెట్టుకుంది. నిన్న రాత్రి వంటింట్లో ఉంటే "అమ్మా, ఒకసారి రా, చూసి వెళ్ళు" అని పిలిచింది. చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఎనిమిదింటి దగ్గరా ఆర్థిక సహాయం ప్రశ్నకు "అవును" అని పెట్టి, ఒక్కొక్కటీ తెరిచి నాకు చూపించింది.