నిద్రగన్నేరు పలక, రెసిన్ పోత: మా వంటింటి బల్ల

మా వంటింటి కోసం ఆరడుగుల బల్లను హైదరాబాదులోని ఒక చిన్న కార్ఖానాలో ప్రత్యేకంగా చేయించుకున్నాము. రెండు నిద్రగన్నేరు పలకలను, వాటి అంచుల సహజమైన వంపులు చెడకుండా ఎదురెదురుగా పేర్చి, నడుమ ఖాళీని గాజులా గట్టిపడే ముదురాకుపచ్చ ద్రవమైన ఎపాక్సీ రెసిన్‌తో నింపారు.

అన్నిటికంటె నాకు నచ్చినది వారి ఓపిక. చెక్కను తేమ కొలిచే మీటరుతో పలుచోట్ల పరీక్షించి, తేమ 12 శాతం లోపునకు దిగిన తరువాతనే పని మొదలుపెట్టారు. పచ్చి చెక్కకు రెసిన్ పోస్తే, తరువాత చెక్క ఎండి కుంచించుకుపోయేటప్పుడు అతుకు విడిపోయే ప్రమాదం ఉంది. రెసిన్, దానిని గట్టిపరిచే హార్డెనర్ అనే ద్రవం కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది కనుక, రెండు అంగుళాల మందాన్ని ఒక్కసారిగా పోయక, లోపల వేడి చిక్కుకొని పగుళ్లు రాకుండా పొరలుగా పోశారు. ముందుగానే చెక్క రంధ్రాలను పలుచని రెసిన్ పూతతో మూసినందువల్ల బుడగలు దాదాపు లేవు.

అయితే వేడి పాత్రల గురించి వారు మమ్మల్ని హెచ్చరించి ఉండవలసింది. పొయ్యి మీద నుంచి దించిన పప్పుగిన్నెను నేరుగా పెట్టగా, రెసిన్ మెత్తబడి గుండ్రని గుర్తు పడింది. కబురు చేయగానే వచ్చి, ఆ భాగాన్ని గరుకుకాగితంతో అరగదీసి, డబ్బు తీసుకోకుండా మళ్లీ పాలిష్ పట్టి ఇచ్చారు. ఇప్పుడు గిన్నె కింద తప్పనిసరిగా చెక్క స్టాండు పెడుతున్నాము. పసుపు ఒలికితే వెంటనే తుడుస్తున్నాము.