పినాంగ్‌లో ఏ పూటకి ఆ బండి

మలేషియాలోని పినాంగ్ ద్వీపంలో ముఖ్యమైన ఊరు జార్జ్ టౌన్‌. అక్కడ ఏం తినాలని అడిగితే ఎవరైనా పది పేర్లు చెప్తారు. ఎప్పుడు తినాలన్నది మాత్రం చాలామంది చెప్పరు. పొద్దున నూడుల్స్ అమ్మిన చోట సాయంత్రానికి మోటారు సైకిళ్లు నిలబెట్టి ఉంటాయి. పగలంతా బోసిగా ఉన్న వీధిలో రాత్రి ఏడయ్యేసరికి కాలు పెట్టే సందుండదు. వారానికో రోజు సెలవు, అదీ ఒక్కో బండికి ఒక్కో రోజు. సరుకు అయిపోతే మిట్టమధ్యాహ్నమే కట్టేసి వెళ్లిపోతారు. పేరు చూసుకుని బయల్దేరితే మూసిన షట్టర్లు చూసి రావాల్సిందే. అందుకే ఇక్కడ చోటుతోపాటు పూట కూడా చెప్తున్నాను.

మేం వెళ్లింది ముగ్గురం. మావారు ఏదైనా తింటారు. నేను పంది మాంసం, గొడ్డు మాంసం తినను, మిగతావాటికి అభ్యంతరం లేదు. మా అత్తయ్య పూర్తి శాకాహారి, పైగా కార్తీకమాసంలో ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. మేం వెళ్లిందేమో సరిగ్గా కార్తీకంలోనే. ఒకే బల్ల మీద ముగ్గురికీ కడుపు నిండే ఊరు కావాలంటే పినాంగ్‌ని మించింది నాకింకా తగల్లేదు.

2023 డిసెంబరు నుంచి మలేషియాకి మనవాళ్లకి 30 రోజుల వరకూ వీసా అక్కర్లేదు. దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపితే చాలు. ఈ సడలింపుని ఎప్పటికప్పుడు పొడిగిస్తున్నారు కాబట్టి టికెట్ కొనేముందు ఒకసారి చూసుకోండి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్ చేరి, అక్కణ్నుంచి ఈటీఎస్ అనే ఎలక్ట్రిక్ రైల్లో ద్వీపానికి ఎదురు ఒడ్డునున్న బటర్‌వర్త్ వెళ్లాం. రైలు శుభ్రంగా ఉంటుంది, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. ఏసీ మాత్రం మరీ ఎక్కువ, శాలువా చేతిలో ఉంచుకోండి. స్టేషన్ నుంచి నడుచుకుంటూ ఫెర్రీ ఎక్కితే పావుగంటలో ద్వీపం. విమానంలో నేరుగా పినాంగ్ వెళ్తే టైము కలిసొస్తుంది కానీ, నీళ్ల మీంచి ఊరు దగ్గరపడటం చూడాలంటే ఇదే దారి.

బస విషయంలో నా సలహా ఒక్కటే: పాత ఊళ్లోనే దిగండి. సముద్రం ఒడ్డున బటు ఫెరింఘీలో పెద్ద రిసార్టులున్నాయి, పిల్లలకి బావుంటాయి. కానీ అక్కణ్నుంచి ఊళ్లోకి 101 నంబరు బస్సులో ముప్పావుగంట పైనే పడుతుంది. పొద్దున ఎనిమిదింటి రొట్టెకి, రాత్రి పదింటి నూడుల్స్‌కి రోజూ అంత దూరం ఎవరు తిరుగుతారు? పాత ఊళ్లో లవ్ లేన్, ముంత్రి వీధుల చుట్టుపక్కల వందేళ్లనాటి చైనీస్ దుకాణం ఇళ్లని (కింద కొట్టు, పైన కాపురం) గెస్ట్‌హౌస్‌లుగా మార్చారు. ముందు ఇరుగ్గా కనిపించినా లోపలికి పొడుగ్గా సాగే ఇళ్లు. మధ్యలో వెలుతురు కోసం కప్పు లేని మండువా, రంగురంగుల నేల పలకలు. చూడముచ్చటగా ఉంటాయి. మేం మొదట దిగిన ఇంట్లో చిక్కేమిటంటే చెక్క మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. అత్తయ్య మోకాళ్లకి ఒక్క రాత్రే ఎక్కువైంది. పక్క గదిలో ఎవరైనా తుమ్మితే మేం లేచాం. మర్నాడు లిఫ్ట్ ఉన్న మామూలు హోటల్‌కి మారాం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కింది అంతస్తు గది కావాలని ముందే అడగండి. ఎక్కడ దిగినా విదేశీయులు గదికి రాత్రికి 10 రింగిట్ల టూరిజం పన్ను కట్టాలి. ఆన్‌లైన్‌లో డబ్బంతా కట్టేసినా ఇది చాలాచోట్ల కౌంటర్ దగ్గర విడిగా అడుగుతారు. రింగిట్ అంటే మనకి 20 రూపాయల పైమాటే.

పొద్దున పూట ట్రాన్స్‌ఫర్ రోడ్డు పక్కన వేసిన బల్లల మీద రోటీ చనాయ్. మైదా ముద్దని నూనె రాసిన బల్ల మీద పరిచి, గాల్లో విసిరి, పల్చటి గుడ్డలా సాగదీసి, మడతపెట్టి పెనం మీద వేస్తారు. కాలాక రెండు అరచేతులతో అటూ ఇటూ కొడితే పొరలు విచ్చుకుంటాయి. పప్పు పులుసు, కూర పక్కన పోస్తారు, కొందరు రొట్టె మీదే కుమ్మరిస్తారు. గొడ్డు మాంసం కూర కూడా అదే బల్ల మీద ఉంటుంది కాబట్టి 'దాల్' అని గట్టిగా చెప్పండి. ఉత్త రొట్టె ధర రెండు రింగిట్లకి అటూ ఇటూ. తె తారిక్ అనే నురగ టీలో పోసే కండెన్స్‌డ్ మిల్క్ తీపి మన నాలుకకి భరించలేనంత. 'కురాంగ్ మానిస్' అంటే తీపి తగ్గిస్తారు.

చైనీస్ కాఫీ హోటళ్లని కోపిటియామ్ అంటారు. హోటల్ ఒకరిది, లోపలున్న బళ్లు ఒక్కోటి ఒక్కొక్కరిది. హోటల్ యజమాని సంపాదన టీ, కాఫీల మీదే కాబట్టి కూర్చున్న ప్రతి మనిషీ ఏదో ఒక పానీయం తీసుకోవాలి, లేకపోతే కొన్నిచోట్ల చిల్లర వసూలు చేస్తారు. బండి దగ్గర చెప్పి, మన బల్ల చూపించి కూర్చుంటే ప్లేటు తెచ్చాక డబ్బు తీసుకుంటారు. టిప్పు గొడవ లేదు. సర్వీసులో మర్యాదలు వెతక్కండి, నవ్వు కూడా ఉండకపోవచ్చు. తెచ్చింది మాత్రం వేడిగా తెస్తారు.

ఇక నాసి కందార్. మన తెలుగు నాలుక ఈ ఊళ్లో మొట్టమొదట లొంగేది దీనికే. తమిళ ముస్లింలు ఒకప్పుడు అన్నం, కూరలు కావిడిలో మోసుకొచ్చి రేవు కూలీలకి అమ్మేవారు. ఇప్పుడు కావిళ్లు లేవు, హోటళ్లయ్యాయి. క్యాంప్‌బెల్ వీధిలో హమీదియా 1907 నుంచి ఉంది. పినాంగ్ రోడ్డు పక్క సందులో లైన్ క్లియర్ ఉంది. ఎక్కడైనా పద్ధతి ఒకటే. పళ్లేలలో వరసగా పేర్చిన కూరల ముందు నిలబడి వేలితో చూపించాలి: వేయించిన కోడి, చేప తల, చేప గుడ్లు, ముక్కలు చేయకుండా ఉడికించిన బెండకాయలు. అన్నం మీద ఒక కూర పులుసు ఒక గరిటె, ఇంకో కూరది అర గరిటె, మూడోది పైనుంచి చిలకరింపు. ఆ కలపడంలోనే ఉంది పనితనమంతా. ఒక్కో పులుసు విడిగా రుచి చూస్తే మామూలుగానే ఉంటుంది. కలిశాక అడుగున చేరిన చిక్కటి రసం కోసం పళ్లెం నాకాలనిపిస్తుంది. 'బంజిర్' అంటే అన్నం మునిగేదాకా పోస్తారు. మావారు రెండోపూట నుంచి ఇంకో మాట మాట్లాడలేదు.

ధరల పట్టిక చాలాచోట్ల ఉండదు. కౌంటర్లో మనిషి పళ్లెం వైపు ఒక చూపు చూసి అంకె చెప్తాడు. కోడి, కూరగాయ అయితే 8 నుంచి 12 రింగిట్లలో తేలిపోతుంది. పెద్ద రొయ్య, కణవ (స్క్విడ్), చేప తల జోలికెళ్తే ముందే ధర అడగండి. పేరు చెప్పను గానీ ఒకచోట రెండు రొయ్యలకి మా మిగతా భోజనమంత పడింది. అడిగితే 'పెద్దవి' అన్నాడు. పెద్దవే, కాదనను.

అత్తయ్య సంగతి. లిటిల్ ఇండియాలో తమిళ శాకాహార హోటళ్లున్నాయి, అరిటాకు భోజనం, దోసె అన్నీ దొరుకుతాయి. కానీ ఉల్లి, వెల్లుల్లి వద్దన్నవాళ్లకి అక్కడికన్నా చైనీస్ బౌద్ధుల శాకాహార హోటళ్లే నయం. వాళ్ల నియమంలోనే ఉల్లి, వెల్లుల్లి నిషిద్ధం. పొద్దున సన్నటి బియ్యపు సేమ్యా వేపుడు, మధ్యాహ్నం పదిహేను ఇరవై రకాల కూరల్లోంచి ఏరుకునే భోజనం. సోయాతో, గోధుమ పిండితో చేసిన నకిలీ చేప, నకిలీ బాతు కూడా ఉంటాయి. తోలుతో సహా అచ్చం బాతులా ఉన్న ముక్క చూసి అత్తయ్య పళ్లెం పక్కకి నెట్టేశారు. 'ఇంత తిప్పలు పడి దాన్నే తినొచ్చుగా' అని ఆవిడ తీర్పు. తోఫూ, ఆకుకూర, పుట్టగొడుగులు మాత్రం ఇష్టంగా తిన్నారు. మామూలు కోపిటియామ్‌లో 'వెజిటబుల్స్' అని ఉన్నవి నమ్మకండి, చాలావాటిలో ఆయిస్టర్ సాసో, రొయ్యల ముద్దో పడుతుంది.

అసామ్ లక్సా కోసం ఆయెర్ ఇతామ్ సంత దాకా వెళ్లాలి. రేవు నుంచి 204 నంబరు బస్సు, సరిపడా చిల్లర ఉండాలి, డ్రైవరు తిరిగివ్వడు. కానాగంతలు ఉడికించి విదిపిన పుల్లటి పులుసులో లావుపాటి బియ్యపు నూడుల్స్. పైన దోసకాయ, అనాస, ఉల్లి, పుదీనా, ఒక చెంచా నల్లటి తియ్యటి రొయ్యల పేస్టు. మొదటి గుటకలో మా అమ్మ పెట్టే చేపల పులుసే గుర్తొచ్చింది, రెండో గుటకలో అల్లం జాతి పువ్వు మొగ్గ వాసన తగిలి మళ్లీ మలేషియాలో పడ్డాను. దగ్గర్లోనే కెక్ లోక్ సి బౌద్ధ గుడి, 30 మీటర్ల క్వాన్ యిన్ దేవత కంచు విగ్రహం. పైదాకా వాలు లిఫ్ట్ ఉంది కాబట్టి అత్తయ్య ఇబ్బంది పడలేదు.

చార్ క్వే టియో అనే బియ్యపు నూడుల్స్ వేపుడు రాత్రి పూటది అనుకోండి. చూలియా వీధి, కింబర్లీ వీధి బళ్ల దగ్గర ఒక్కసారికి ఒక్క ప్లేటే వేయించేవాడిని వెతకండి. ఐదు ప్లేట్లు కలిపి వేయిస్తే నూడుల్స్ చెమ్మగిల్లి ముద్దవుతాయి. మంట నాలుకలు మూకుడు అంచు దాటి లోపలికి రావాలి, ఆ పొగ వాసనకే డబ్బులు. చైనీస్ బళ్లలో పంది కొవ్వు వేస్తారు. మావారికి అది స్వర్గం. నేను తిన్నది మలయ్ ముస్లింలు చేసే రకం, కాస్త జారుగా, కారంగా ఉంటుంది. ఇద్దరం ఎవరిది బావుందని వాదించుకున్నాం, నాదే బావుంది. ఇంకో సంగతి, 2016 నుంచి ఈ వీధి బళ్లలో విదేశీయులు ప్రధాన వంటవాళ్లుగా ఉండకూడదని పినాంగ్ ప్రభుత్వం నియమం పెట్టింది. రుచి కాపాడటానికని చెప్పారు. వలస కూలీల వైపు నుంచి చూస్తే కటువైన నియమమే. ముసలి చేతులే మూకుళ్లు తిప్పుతూ కనిపించడం చూశాక, వీళ్ల తర్వాత ఎవరన్న ప్రశ్న ఆ నియమంతో తీరదనిపించింది.

గర్నీ డ్రైవ్ తిండి బళ్ల గురించి అందరూ చెప్తారు. ఒక్క సాయంత్రమే ఉన్నవాళ్లకి సరే, అన్నీ ఒకేచోట దొరుకుతాయి. ధర కాస్త ఎక్కువ, రుచి కాస్త తక్కువ. అక్కడ మాకు నచ్చింది పసెంబూర్ ఒక్కటే: గారెల్లాంటి వేపుళ్లు, తోఫూ తరిగి, దోసకాయ తురుము వేసి, చిలగడదుంపతో చేసిన తీపి కారం సాస్ పోస్తారు. వేపుళ్లు ముందే ఏరుకోవచ్చు, రొయ్యల వడలు లేకుండా. పినాంగ్ రోడ్డు సందులో 1936 నాటి చెండోల్ బండి దగ్గర ఎప్పుడూ క్యూ, ఎండలో నిలబడే తినాలి. కొబ్బరి పాలు, బెల్లం, మంచు, ఆకుపచ్చ పిండి తీగలు. మధ్యాహ్నం మూడింటికి ఆ క్యూ న్యాయమే అనిపిస్తుంది.

తిరిగొచ్చేముందు చౌరస్తా మార్కెట్ దగ్గర ఊరబెట్టిన జాజికాయలు కొన్నాం. మనం గింజ వాడతాం, వాళ్లు పైన కండని పంచదారలో ఊరబెడతారు. ఎండినవీ, పాకంలో తేలేవీ రెండు రకాలుంటాయి. రుచి చూడనిస్తారు, మొహమాటపడకండి. పాకం రకం కొంటే చెక్-ఇన్ సంచిలోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే విమానాశ్రయంలో ఆపేస్తారు.