ఒక్క ఫైలు కూడా పోకుండా రెయిడ్‌కు మారుస్తామనే వాళ్లతో జాగ్రత్త

పాత సిస్టమ్‌ను ఉన్నదున్నట్టు రెయిడ్‌లోకి, అంటే ఒకటికి మించిన డిస్కులు కలిసి ఒకటిగా పనిచేసే అమరికలోకి, మారుస్తాం, ఒక్క ఫైలు కూడా పోదు అని ప్రకటించుకునే ఆ సర్వీస్ సెంటర్‌కు దయచేసి మీ కంప్యూటర్ ఇవ్వకండి. పేరు రాయడం లేదు. ఈ పని కోసం వాకబు చేసినవారికి ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే తెలుస్తుంది.

నాది ఒకే డిస్కు మీద నడిచే విండోస్. అంతే పరిమాణం ఉన్న రెండో డిస్కు కొని, రెండింటినీ రెయిడ్ 1గా, అంటే ఒకదానికొకటి అచ్చుప్రతిగా పెట్టించాలనుకున్నాను. ఒక డిస్కు చెడిపోయినా పని ఆగకూడదని నా ఉద్దేశం. పని అప్పగించేటప్పుడే బ్యాకప్ సంగతి అడిగాను. "ముందు పూర్తి ఇమేజ్ తీస్తాం, ఆ తర్వాతే డిస్కు ముట్టుకుంటాం" అన్నారు. ఇమేజ్ అంటే డిస్కు మొత్తానికి నకలు. దానికి విడిగా డబ్బు తీసుకున్నారు, రసీదులో రాసిచ్చారు కూడా.

టెక్నీషియన్ పని మొదలుపెట్టినప్పుడు నేను బల్లకు ఇవతలే కూర్చున్నాను. బయోస్‌లోకి, అంటే విండోస్ లేవకముందే తెరిచే కంప్యూటర్ సెట్టింగుల్లోకి వెళ్లి, డిస్కులు ఎలా నడవాలో చెప్పే సాటా మోడ్‌ను, డిస్కులను విడివిడిగా నడిపే ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మార్చాడు. తర్వాత రెయిడ్ మెనూ తెరిచి, కొత్త డిస్కుతో పాటు నా పాత డిస్కును కూడా గుర్తు పెట్టాడు. ఎంచుకున్న డిస్కుల్లోని డేటా అంతా చెరిగిపోతుంది, కొనసాగించాలా అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. నాకు అక్కడి నుంచే స్పష్టంగా కనిపించాయి. "ఆగండి, అందులో నా పాత డిస్కు ఉంది" అన్నాను. అతను తల కూడా తిప్పలేదు. "అది ఎప్పుడూ అలాగే అడుగుతుంది" అంటూ వై నొక్కేశాడు.

ఆ తర్వాత కంప్యూటర్ బూట్ కాలేదు. "డ్రైవర్ సమస్య, చూస్తాం, సాయంత్రం రండి" అని పంపించారు. సాయంత్రం వెళ్లేసరికి తెర మీద రీసైకిల్ బిన్ ఒక్కటే ఉంది. కొత్త విండోస్. నా ఖాతాదారుల ఫైళ్లు లేవు, పద్దులు లేవు, మా నాన్నగారి ఉత్తరాలు స్కాన్ చేసి దాచిన ఫోల్డర్ లేదు. నన్ను ఒక్క మాట అడగకుండా కొత్తగా ఇన్‌స్టాల్ చేసేశారు.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. రెయిడ్ వాల్యూమ్ సృష్టించినప్పుడు చాలాసార్లు డిస్కు మొదట్లో ఉండే పార్టిషన్ పట్టిక, అంటే డిస్కు ఏ భాగాలుగా విభజించి ఉందో చెప్పే జాబితా, మాత్రమే చెరుగుతుంది. వెనక ఉన్న ఫైళ్లు అలాగే ఉండే అవకాశం ఉంది. అక్కడితో ఆపి డిస్కు విప్పి ఇచ్చి ఉంటే, రికవరీ చేసేవాళ్లు చాలావరకు బయటికి తీయగలిగేవారు. వీళ్లు దాని మీదే కొత్త విండోస్ రాశారు. పైగా అది మిర్రర్, అంటే రెయిడ్ 1 అచ్చుప్రతి, కాబట్టి, రాసిన ప్రతి ముక్కా రెండు డిస్కుల మీదా పడింది. చేసిన తప్పు కనబడకుండా కప్పెట్టడానికి నా డేటాను బలిపెట్టారు.

బ్యాకప్ ఇమేజ్ ఇవ్వమని అడిగాను. కౌంటర్‌లో ఉన్న పెద్దమనిషి నా ముఖం చూసి చెప్పిన మాట: "మిర్రర్ పెట్టాం కదా, ఇక అదే బ్యాకప్." రసీదు చూపించాను. దాన్ని తిరగేసి, డేటాకు సంస్థ పూచీ వహించదు అన్న సన్న అక్షరాల మీద వేలు పెట్టాడు. "మీరడిగింది రెయిడ్, అది పని చేస్తోంది, ఇంకేమిటి?" అన్నాడు. క్షమించండి అన్న మాట ఎవరి నోటి నుంచీ రాలేదు. డిస్కు ఆగిపోతే పని సాగడానికి రెయిడ్ 1 పనికొస్తుంది. పొరపాటున చెరిపినా, వైరస్ సోకినా, ఇలా ఎవరో మీద రాసినా ఆ నష్టాన్ని అది అదే క్షణంలో రెండో డిస్కుకూ చేర్చేస్తుంది. ఈ పనికి డబ్బు తీసుకునే మనిషికి ఇది తెలియదంటే నేను నమ్మను.

అసలు ఈ పనిలో అంత ప్రమాదం లేదు. విండోస్‌లో అయితే ముందు సేఫ్ మోడ్‌లో, అంటే కనీస హంగులతో మాత్రమే, లేచేలా పెట్టి, అప్పుడు బయోస్‌లో మోడ్ మారుస్తారు. సేఫ్ మోడ్‌లో రెయిడ్ డ్రైవర్ (డిస్కులను విండోస్‌తో నడిపించే ప్రోగ్రామ్) ఎక్కాక, సేఫ్ మోడ్‌లో లేవమన్న గుర్తు తీసేసి మామూలుగా బూట్ చేస్తారు. ఇలా చేయకపోతే ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అనే లోపం చూపే తెర వస్తుంది. చాలామంది దాన్ని చూసి సిస్టమ్ పోయిందనుకుంటారు కానీ, మోడ్ వెనక్కి మారిస్తే చాలావరకు మళ్లీ లేస్తుంది. తర్వాత మిర్రర్‌ను బయోస్ మెనూలో కాకుండా విండోస్ లోపలి నుంచి సృష్టించాలి. ఇంటెల్ వారి ర్యాపిడ్ స్టోరేజ్ సాధనంలో ఏ డిస్కులోని డేటా ఉంచాలో ఎంచుకునే వీలు ఉంది.

లైనక్స్‌లో ఇంకా శుభ్రమైన దారి ఉంది. ఎండీఆడ్మ్ అనే రెయిడ్ సాధనంతో, కొత్త డిస్కు ఒక్కదానితోనే, రెండోది మిస్సింగ్ (ఇంకా లేదు) అని చెప్పి, సగం అర్రే, అంటే సగం రెయిడ్ జత, కడతారు. సిస్టమ్‌ను అందులోకి కాపీ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు భాగాన్ని ఎక్కడ తెరవాలో చెప్పే ఫైలు) యూయూఐడీలు, అంటే ఆ భాగాల గుర్తింపు సంఖ్యలు, మార్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న సిస్టమ్) మళ్లీ కట్టి, గ్రబ్ అనే బూట్ చేయించే ప్రోగ్రామ్ పెట్టి, కొత్తదాని నుంచి బూట్ చేసి చూస్తారు. అన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకే పాత డిస్కును అర్రేలో చేర్చి, దాని మీదా గ్రబ్ పెడతారు. అప్పటిదాకా పాత డిస్కులోని ఫైళ్లను ఎవరూ ముట్టుకోరు. అందుకే, మొదటి మెట్టులోనే పాత డిస్కును అర్రేలో కలిపేవాడికి ఈ పని రాదని నా అభిప్రాయం.

ఎవరికైనా ఇచ్చేముందు మీ బ్యాకప్ మీరే తీసుకోండి, అది తెరుచుకుంటోందో లేదో మీ కళ్లతో చూడండి. తీశామని వాళ్లంటే ఏ డ్రైవ్‌లో ఉందో చూపించమనండి. ఇప్పటికే ఇలా జరిగి ఉంటే ఆ కంప్యూటర్ ఆన్ చేయకండి. అందులో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి, రికవరీ సాఫ్ట్‌వేర్ కూడా. డిస్కు విప్పించి, మొదట దానికి సెక్టార్ సెక్టార్‌గా, అంటే డిస్కులోని ఏ చిన్న ముక్కనూ వదలకుండా, నకలు తీయించి, వెతుకులాట ఏదైనా ఆ నకలు మీదే చేయించండి.