చెన్నై ఫ్లాట్‌లో ఏవీ రిసీవర్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

ఏవీ రిసీవర్ అంటే టీవీ, ప్లేయర్ల సౌండ్ తీసుకుని గది చుట్టూ పెట్టిన స్పీకర్లకి పంచే పెట్టె, సరౌండ్ రిసీవర్ అన్నా అదే. దాన్ని కొనేవాళ్లు ఎక్కువమంది వాట్లు చూసి కొంటారు. నేను డైలాగ్ కోసం కొన్నాను. అమ్మ నెల్లూరు నుంచి వచ్చి మాతోనే ఉంటోంది, చెవి కాస్త మందగించింది. టీవీ స్పీకర్లు చూస్తే వెనక గోడవైపు తిరిగి ఉంటాయి, పైన ఫ్యాన్, పక్కన ఏసీ, కింద వేళచ్చేరి రోడ్డు మీద బస్సులు, ఆటోలు. సినిమా పెడితే పాటకి, ఫైటుకి ఇల్లు అదిరిపోయేది, మాటలొచ్చేసరికి "ఏందిరా వాడు చెప్పేది?" అని అమ్మ, సౌండ్ పెంచడం, మళ్లీ పాట రాగానే పరిగెత్తి తగ్గించడం. లాక్‌డౌన్ సడలించాక 5.1 స్పీకర్ల సెట్టు (ఐదు స్పీకర్లు, బేస్ కోసం ఒక సబ్ వూఫర్), దానికి 7.2 చానళ్ల (ఏడు స్పీకర్లు, రెండు సబ్‌ల దాకా తగిలించగల) మధ్యరకం రిసీవర్ తెచ్చాం, అప్పటినుంచి రోజూ వాడుతూనే ఉన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ రాసేదాంట్లో ముప్పాతిక భాగం ఏ కంపెనీ రిసీవర్‌కైనా సరిపోతుంది.

డైలాగ్ సంగతే ముందు. 5.1 సౌండ్‌లో మాటలు దాదాపు అన్నీ సెంటర్ చానల్లోనే, అంటే టీవీ కింద మధ్యలో పెట్టే స్పీకర్‌కి వెళ్లే దాంట్లోనే ఉంటాయి. టీవీ ఆ ఆరు చానళ్లనీ కలిపి రెండింటిలో కుక్కేస్తుంది కాబట్టి మాటని మాత్రం విడిగా పెంచే దారి అక్కడ సరిగ్గా ఉండదు. రిసీవర్‌లో సెంటర్ విడిగా చేతికొస్తుంది. మేం సెంటర్‌ని మామూలు కంటే 3 డెసిబెల్స్ ఎక్కువ పెట్టుకున్నాం, స్పీకర్‌ని కూడా టీవీ స్టాండు అంచు దాకా ముందుకి జరిపి, కూర్చున్నవాళ్ల చెవివైపు చూసేలా కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి కొద్దిగా పైకి వంచాం. ఆ రెండు పనులతో అమ్మ సమస్య చాలావరకు తీరిపోయింది. రాత్రిపూట అయితే డైనమిక్ రేంజ్ కంప్రెషన్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, కొన్నిటిలో నైట్ మోడ్ అంటారు, అది వేస్తే పెద్ద శబ్దం తగ్గి చిన్న శబ్దం పెరుగుతుంది. సినిమా ఊపు కొంచెం పోతుంది నిజమే, కానీ పిల్లలు పడుకున్నాక అది లేకుండా నేను సినిమా చూడను.

ఇంత చేసినా రిసీవర్‌కి అసలు 5.1 అందుతుందో లేదో చూసుకోకపోతే ఏమీ లాభం లేదు, ఇది మాత్రం శ్రద్ధగా చదవండి. మా ఇంట్లో ఫిట్ చేయడానికి వచ్చిన కుర్రాడు ఆల్ చానల్ స్టీరియో అనే మోడ్ పెట్టి, చూశారా సార్ అన్ని స్పీకర్లూ మోగుతున్నాయి అని చూపించి వెళ్లిపోయాడు. అన్ని స్పీకర్లూ మోగడం సరౌండ్ కాదు, అదే పాట ఐదు చోట్ల మోగడం. రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కితే లోపలికి ఏ సిగ్నల్ వస్తోందో తెర మీద చూపిస్తుంది. ఓటీటీలో 5.1 అని రాసి ఉన్న సినిమా పెట్టినా అక్కడ పీసీఎం (టీవీయే విప్పి పంపే మామూలు డిజిటల్ సౌండ్), రెండు చానళ్లు అని కనిపిస్తే తప్పు చాలావరకు టీవీ సెట్టింగులో ఉన్నట్టు. టీవీలో డిజిటల్ ఆడియో అవుట్‌పుట్ అనేచోట పీసీఎం తీసేసి పాస్ త్రూ గానీ, బిట్‌స్ట్రీమ్ గానీ, ఆటో గానీ పెట్టాలి, అప్పుడు టీవీ సౌండ్‌ని విప్పకుండా రిసీవర్‌కి పంపుతుంది. తెలిసినవాళ్ల ఇళ్లలో నేను సరిచేసిన సెట్టింగుల్లో ఎక్కువసార్లు చేయాల్సి వచ్చింది ఇదొక్కటే.

కేబుల్ విషయంలో కూడా ఇలాంటిదే. టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రాలు మూడో నాలుగో ఉంటాయి, వాటిలో ఒక్కదాని పక్కనే ఆర్క్ (ARC) లేదా ఈఆర్క్ (eARC) అని రాసి ఉంటుంది, టీవీ సౌండ్ అదే వైరులో వెనక్కి రిసీవర్‌కి వచ్చే దారి అది, రిసీవర్ అవుట్‌పుట్ నుంచి వచ్చే వైరు దాంట్లోకే వెళ్లాలి. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చింది, ఈఆర్క్ 2017లో 2.1తో. ఓటీటీ మాత్రమే చూసేవాళ్లకి మామూలు ఆర్క్ చాలు, అక్కడ వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ అనే సౌండ్ ఫార్మాట్, దాంతోపాటు వచ్చే అట్మాస్ (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి) కూడా ఆర్క్‌లో దూరిపోతాయి. బ్లూరే ప్లేయర్ టీవీకి తగిలించి అందులోంచి ట్రూహెచ్‌డీ (డిస్కుల్లో ఉండే, నాణ్యత తగ్గని డాల్బీ సౌండ్) తీసుకోవాలంటేనే ఈఆర్క్ కావాలి, అయినా ప్లేయర్‌ని నేరుగా రిసీవర్‌కే తగిలిస్తే ఆ గొడవే ఉండదు. పాత ఆప్టికల్ కేబుల్‌తో డాల్బీ డిజిటల్ 5.1, డీటీఎస్ (డాల్బీకి పోటీ ఫార్మాట్) వరకే, డిజిటల్ ప్లస్ అందులో వెళ్లదు. ఇంకొకటి, కొన్ని టీవీలు డీటీఎస్‌ని రిసీవర్‌కి పంపవు, పెన్‌డ్రైవ్‌లో సినిమాలు చూసే అలవాటు ఉంటే టీవీ కొనేముందే అడగండి.

వాల్యూమ్ నంబర్లు చూసి మా ఇంటికొచ్చినవాళ్లంతా కంగారుపడతారు. మైనస్ 30 ఏమిటి, చెడిపోయిందా అని. అక్కడ సున్నా అంటే స్టూడియోలో సినిమా మిక్స్ చేసే స్థాయి, ఒక్కో ప్రధాన చానల్‌కి 105 డెసిబెల్స్ దాకా వెళ్లే శబ్దం. సత్యం థియేటర్లో కూర్చుంటే బాగుంటుంది గానీ మన హాల్లో మైనస్ 35 నుంచి మైనస్ 25 మధ్యే రోజువారీ పని అయిపోతుంది. అలా తక్కువలో వినేటప్పుడు మన చెవికి బేస్ ముందు పలచబడుతుంది, అందుకే ఆడిస్సీ (మైక్‌తో గదిని కొలిచి సౌండ్ సర్దే సాఫ్ట్‌వేర్) ఉన్న డెనాన్, మరాంట్జ్ రిసీవర్లలో ఆ బేస్‌ని పెంచే డైనమిక్ ఈక్యూ అని పెట్టారు. టీవీ సీరియల్, న్యూస్ చూసేటప్పుడు బేస్ మరీ గుబగుబలాడితే దాని ఆఫ్‌సెట్ (ఆ పెంపుని తగ్గించే అంకె) 10 గానీ 15 గానీ చేస్తే సరి.

వాట్ల మీద కూడా ఒక మాట. శక్తి రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్సే, అంటే 80 వాట్ల రిసీవర్‌కీ 160 వాట్ల దానికీ మధ్య చెవికి తెలిసే తేడా ఓ మోస్తరు. పైగా ఒక కంపెనీ 8 ఓమ్స్ స్పీకర్‌కి, రెండు చానళ్లు మోగుతుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా కొలిచి చెప్తుంది, ఇంకో చోట 6 ఓమ్స్‌కి, ఒకే చానల్, ఒకే ఫ్రీక్వెన్సీ, 10 శాతం డిస్టార్షన్‌తో, అంటే శబ్దం చెడిపోయే దాకా పెంచి కొలిచిన అంకె అట్ట మీద పెద్దక్షరాల్లో వేస్తారు. రెండోది చూసి కొనకండి.

మైక్‌తో చేసే క్యాలిబ్రేషన్‌కి, అంటే రిసీవర్ తనే శబ్దాలు చేసి స్పీకర్ల దూరం, లెవెల్ కొలుచుకునే పనికి మాత్రం చెన్నైలో ఓపిక కావాలి. ఫ్యాన్ ఆపాలి, ఏసీ ఆపాలి, కిటికీలు మూయాలి, ఫ్రిజ్ కూడా ఆ కాసేపు ఆపితే మంచిది. మే నెలలో ఆ పని చేస్తే ఎలా ఉంటుందో ఇక్కడ ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. నేను డిసెంబర్‌లో, రాత్రి బాగా పొద్దుపోయాక, అపార్ట్‌మెంట్ నీళ్ల మోటార్ ఆగిన తర్వాత చేస్తాను. మైక్‌ని సోఫా మీద దిండు ఆనించి పెట్టకండి, కెమెరా ట్రైపాడ్ మీద సరిగ్గా చెవి ఎత్తులో పెట్టండి, మొదటి కొలత మీరు ఎప్పుడూ కూర్చునే చోటే తీసుకోవాలి, దూరాలూ లెవెల్సూ దాన్ని బట్టే లెక్కేస్తుంది. తర్వాత చూస్తే సబ్ వూఫర్ దూరం నిజంగా ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది, టేపు పెట్టి కొలిచి దాన్ని మార్చేవాళ్లున్నారు, మార్చకండి. సబ్ లోపలి సర్క్యూట్ వల్ల శబ్దం ఆలస్యంగా బయటికొస్తుంది, ఆ ఆలస్యాన్నే రిసీవర్ దూరంగా లెక్కకట్టింది. మార్చాల్సింది వేరే ఉంది. పెద్ద స్పీకర్లు కనిపిస్తే కొన్నిసార్లు లార్జ్ అని పెట్టేస్తుంది, అంటే బేస్ అంతా ఆ స్పీకర్లకే పంపుతుంది, నేను అన్నిటినీ స్మాల్ చేసి క్రాసోవర్ (దానికి కింది బేస్‌ని సబ్‌కి మళ్లించే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టాను. దాంతో కింది బేస్ భారం సబ్ మీదికి పోయి మిగతా స్పీకర్లు తేటగా పలుకుతాయి.

సబ్ గురించి చెప్తే కింది ఫ్లాట్ గురించి చెప్పాలి. కింద ఉండే తమిళ అంకుల్ చాలా మంచాయన, ఒకరోజు వచ్చి నవ్వుతూనే "మీ ఇంట్లో ఏ సినిమానో మా మంచానికి తెలిసిపోతోంది" అన్నారు. సబ్‌ని గది మూల నుంచి బయటికి జరిపాం, మూలలో ఉంటే బేస్ ఇంకా ఉబ్బుతుంది. కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేశాం, రాత్రి తొమ్మిది దాటితే సబ్ లెవెల్ 5 డెసిబెల్స్ తగ్గిస్తాం. మ్యాట్ వల్ల నేలకి నేరుగా అంటే అదురు కొంత ఆగుతుంది, గాల్లో వెళ్లే బేస్ ఆగదు, దానికి తగ్గించడమే దారి. హాల్లో టైల్స్, గోడలు, గాజు కిటికీ అన్నీ నున్నగా ఉండి మాట మోగిపోయేది. ఊరి నుంచి అమ్మ తెచ్చిన జంపఖానా సోఫా ముందు పరిచి, కిటికీకి మందపాటి కర్టెన్ వేశాక వచ్చిన తేడా ఏ మెనూలోనూ దొరకదు.

వేడి ఇక్కడ అసలైన శత్రువు. రిసీవర్‌ని టీవీ యూనిట్ అరలో, వెనక చెక్క, ముందు గాజు తలుపు ఉన్నచోట పెట్టి మూసేశారంటే ఏప్రిల్, మే నెలల్లో అది తనని తాను కాపాడుకోవడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయే అవకాశం ఎక్కువ. మాది అర మీద తెరిచి ఉంటుంది, పైన జానెడు ఖాళీ, దాని మీద సెట్‌టాప్ బాక్స్ కాదు కదా రిమోట్ కూడా పెట్టనివ్వను. పైన జల్లెడలా ఉన్న చోట దుమ్ము పేరుకుంటే మెత్తటి బ్రష్‌తో తీస్తాను. ఒక వేసవిలో ఎర్ర లైటు మిణుకుమని ఆగిపోయింది గానీ అది వేడి కాదు, స్పీకర్ వైరు పోగు ఒకటి చీలి పక్క టెర్మినల్‌కి తగులుతోంది. వైరు కొసలకి బనానా ప్లగ్గులు (పోగులు బయటికి రాకుండా పట్టుకునే పిన్నులు) వేశాక ఆ బెంగ లేదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద రిసీవర్ నడపకండి, లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటుంది. కరెంటు పోతే మా ఇంట్లో టీవీ ఒక్కటే ఇన్వర్టర్ మీద దాని సొంత స్పీకర్లతో నడుస్తుంది.

రోజూ ఆపరేట్ చేసేది నేను కాదు, అమ్మ. అందుకని హెచ్‌డీఎంఐ కంట్రోల్, అదే సీఈసీ, ఆన్ చేశాను. టీవీ రిమోట్ నొక్కితే రిసీవర్ తనంతట తానే లేస్తుంది, సౌండ్ కూడా ఆ రిమోట్‌తోనే. "ఇంకేం నొక్కబళ్లేదు గదా?" అని అడిగింది మొదట్లో. నిజంగానే అక్కర్లేదు, కాకపోతే ఎప్పుడైనా టీవీ ఆన్ అయి రిసీవర్ నిద్రలోనే ఉండిపోతుంది, అప్పుడు రెండిటి ప్లగ్గులూ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెడితే దారికొస్తుంది. పెదాల కదలికకీ మాటకీ పొంతన కుదరకపోతే ఆడియో డిలే అని మిల్లీసెకన్లలో జరిపే సెట్టింగ్ ఉంది. అది మాట ముందొచ్చినప్పుడే పనికొస్తుంది, వెనకపడితే టీవీలో గేమ్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి తీసేయాలి. పాత పాటలకి సరౌండ్ తీసేసి స్టీరియోలోనే వినండి, రెండు స్పీకర్లకని చేసినదాన్ని ఐదింటికి సాగదీస్తే గొంతు పలచబడుతుంది.

రిసీవర్ ఏడు చానళ్లలో మిగిలిన రెండు ఖాళీగానే ఉన్నాయి. అట్మాస్‌కి స్లాబులో డ్రిల్ వేయడానికి ఇంటి ఓనర్ ఒప్పుకోరు, పైకి శబ్దం కొట్టే స్పీకర్లు నేను విన్నంతలో పెట్టిన డబ్బుకి తగ్గ ఫలితం ఇవ్వలేదు. కొత్తగా కొనేవాళ్లు ఆ డబ్బు సెంటర్ స్పీకర్ మీద పెట్టండి, ముందు రెండు స్పీకర్లు ఏ సిరీస్‌వో సెంటర్ కూడా అందులోదే తీసుకుంటే మాట ఎడమ నుంచి కుడికి వెళ్లేటప్పుడు గొంతు మారదు. వైరు చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచ్చీ స్ట్రీట్‌లో తీసుకోవచ్చు, 16 గేజ్ మందం మామూలు హాలుకి చాలు. అక్కడే ఒక పోగుని బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం, వేరే చుట్ట అడగండి.