ప్రార్థన కొండ నుంచి గుండ్లకమ్మ ఒడ్డు వరకు ఒక రోజు యాత్ర

ఒంగోలులో కొందరు విశ్వాసులు కలిసి నడుపుతున్న ఒక చిన్న యాత్రా సేవలో గత నెల మా తమ్ముడితో కలిసి ఒక రోజు గడిపాను. తెల్లవారుజామున నాలుగున్నరకు పన్నెండు సీట్ల వ్యానులో బయలుదేరదీసి, ముందుగా ప్రార్థన కొండ ఎక్కించి, తరువాత పట్టణంలోని జ్యూయెట్ స్మారక బాప్టిస్టు దేవాలయం చూపించి, మధ్యాహ్నానికి గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి తీసుకువెళ్లి, సాయంత్రం అయిదింటికల్లా తిరిగి ఒంగోలులో దిగబెడతారు. మనిషికి 900 రూపాయలు తీసుకుంటారు. ఉదయం టిఫిను, మధ్యాహ్న భోజనం అందులోనే. బుద్ధికి అందనప్పుడు కూడా దేవుని మాటకు లోబడినవారి జాడల్లో ఒక రోజు అని కరపత్రంలో అచ్చు వేశారు. ఆ మాటను వారు ఎంతవరకు నిలబెట్టుకున్నారో రాయడానికే ఈ సమీక్ష.

ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఇరవై ఆరేళ్లుగా లెక్కలు తనిఖీ చేసే పనిలో ఉన్నవాడిని నేను. మా తమ్ముడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలేసి, ఏజెన్సీ ప్రాంతంలో పిల్లల హాస్టలు బడిలో పాఠాలు చెప్పడానికి వెళతానని మొన్న సంక్రాంతికి ఇంట్లో చెప్పాడు. అక్కడ వచ్చే జీతం ఇప్పటి జీతంలో ఆరో వంతు కూడా ఉండదు. ఇంటి అప్పు ఇంకా పదకొండేళ్లు కట్టాలి, కూతురు తొమ్మిదో తరగతిలో ఉంది. ఇవన్నీ ఒక కాగితం మీద వరుసగా వేసి వాడి ముందు పెట్టాను. వాడు చివరి వరుస దాకా చదివి, "అన్నయ్యా, నీ లెక్కలో తప్పేమీ లేదు; కానీ వెళ్లమన్న మాట రెండేళ్లుగా నన్ను వదలడం లేదు" అన్నాడు. ఆ రోజు నాకు కోపం వచ్చింది. వెళ్లేముందు ఒక్కసారి తనతో ఈ యాత్రకు రమ్మని వాడే నన్ను అడిగాడు.

కొండ మీది గంటన్నరే ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం. మార్గదర్శిగా వచ్చినవారు పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులు, అందరూ ఆయనను మాస్టారనే పిలిచారు. చీకటిలోనే పైకి ఎక్కించి, బండల మీద కూర్చోబెట్టి, టార్చిలైటు వెలుతురులో బైబిలు తీసి, దేవుడు అడిగితే అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకును బలి ఇవ్వబోయిన ఆదికాండము 22వ అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా వ్యాఖ్యానం లేకుండా చదివారు. ఆ వెంటనే హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో అబ్రాహాము గురించిన మాటలు చదివి, మృతులను సహితం లేపడానికి దేవుడు శక్తిమంతుడని అతడు "ఎంచినవాడై" కుమారుని అర్పించాడన్న చోట ఆగి, ఆ ఒక్క మాటను రెండోసారి పలికారు. నేను చిన్నప్పటి నుంచి ఆ వచనం వింటున్నాను గాని, ఎంచడమంటే లెక్క చూడడమే కదా అన్న ఆలోచన అంతవరకు నాకు తట్టలేదు. ఇస్సాకు వల్లనే నీ సంతానం అన్న వాగ్దానం ఒక పక్కన, ఇస్సాకునే అర్పించమన్న ఆజ్ఞ మరో పక్కన ఉంటే ఏ ఖాతా పుస్తకంలోనూ ఆ రెండు పద్దులూ పొసగవు. అబ్రాహాము వాటిలో ఒకదాన్ని కొట్టివేయలేదు. రెండూ దేవుని నోటి నుంచి వచ్చినవే గనుక తేడాను సరిచేయడం ఆయన పని అని ఎంచి, గాడిదకు గంత కట్టి, మూడు రోజులు నడిచాడు. విశ్వాసం బుద్ధిని పక్కన పారవేయడం అని ఇన్నాళ్లు నేను అనుకున్నది తప్పని ఆ బండ మీద కూర్చుని ఒప్పుకున్నాను.

అదే కొండ మీద 1854 జనవరి 1న, తెల్లవారుతున్న వేళ, అయిదుగురు మోకరించి ప్రార్థించారు. వారు నెల్లూరులో పనిచేస్తున్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, వారితో వచ్చిన తెలుగు విశ్వాసులు నర్సు అనే పేరుగల ఆయన, జూలియా, రూతు. అప్పటికి ఒంగోలులో వారికి ఒక ఇల్లు లేదు, ఒక సంఘం లేదు. దూరంగా నాగజెముడు పొదలతో నిండిన ఒక మిట్టను చూపించి, అక్కడ మన మిషను బంగళా వెలుస్తే నీకు ఇష్టమేనా అని జ్యూయెట్ జూలియాను అడిగారట. మాస్టారు ఈ సంగతి చెప్పి, ఆ దిక్కుగా చెయ్యి చాపి, తరువాత అరగంట సేపు ఎవరూ మాట్లాడవద్దన్నారు. రాయి ఇంకా రాత్రి చల్లదనంతోనే ఉంది. కింద బస్సు హారన్లు ఒకటొకటిగా మొదలయ్యాయి, ఎక్కడో పాలవాడి సైకిలు గంట వినిపించింది. పన్నెండు మందిలో ఒక్కరు కూడా ఫోను బయటికి తీయలేదు. యాత్రికుల చేత అరగంట మౌనం పాటింపజేయడం ఎంత కష్టమో సంఘ కూడికలు నడిపినవారికి తెలుస్తుంది. ఈ సేవకు నేను మొదట మెచ్చుకోవలసింది దానికే.

అయితే ఇక్కడే నా పెద్ద అసంతృప్తి కూడా ఉంది. మౌనం ముగిశాక మాస్టారు 1854 నుంచి నేరుగా 1878కి, వేలాదిమంది బాప్తిస్మానికి వచ్చారు, దేవుడు ప్రార్థన విన్నాడు అన్న మాటకు, ఒక్క వాక్యంలో వచ్చేశారు. నడుమ ఉన్న ఇరవై నాలుగేళ్లను అలా దాటేయడం సరికాదని నా అభిప్రాయం, ఎందుకంటే లోబడడం అంటే ఏమిటో ఆ ఏళ్లలోను, వాటికి ముందటి ఏళ్లలోను ఉంది. ఈ మిషనులో మొదటి మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగువారి మధ్యకు వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఎన్నేళ్లు గడిచినా విశ్వసించినవారు చాలా కొద్దిమందే. డబ్బు ఖర్చవుతోంది, మిషనరీల ఆరోగ్యాలు పాడవుతున్నాయి, ఫలం కనిపించడం లేదు గనుక ఈ మిషనును మూసివేసి ఆ శక్తిని మరోచోట పెట్టాలని అమెరికాలో వారిని పంపిన బాప్టిస్టు మిషనరీ సొసైటీవారు ఒకటికి రెండుసార్లు చర్చించారు. పటంలో ఒంటరి చుక్కలా కనిపించే నెల్లూరుకు ఒంటరి నక్షత్రం అన్న పేరు వచ్చింది 1853 నాటి అటువంటి చర్చలోనే. ఆ సొసైటీ లెక్కలు నా బల్ల మీదికి వచ్చి ఉంటే నేను కూడా మూసివేయమనే రాసేవాడిని, ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను. 1862లో మళ్లీ ఆ ప్రస్తావన వచ్చినప్పుడు, ఆరోగ్యం దెబ్బతిని స్వదేశంలో ఉన్న జ్యూయెట్, మీరు పంపినా పంపకపోయినా నేను ఒక్కడినైనా తిరిగి వెళతానన్నారు. అలాగైతే నిన్ను పాతిపెట్టడానికైనా తోడుగా ఒకరిని పంపాలి అని సొసైటీ కార్యదర్శి అన్నారట. అలా తోడుగా వచ్చినవారే జాన్ క్లౌ. ఈ భాగాన్ని టిఫిను సమయంలో నేనే మాస్టారుకు గుర్తు చేయగా, అవన్నీ ఆయనకు నాకంటే బాగా తెలుసని అర్థమైంది. పిల్లలు విసుక్కుంటారని వదిలేస్తున్నారట. మా వ్యానులో ఉన్న ఇద్దరు పిల్లలూ ఆ కథను ఇడ్లీ చేతిలో పట్టుకుని, తినడం మరచిపోయి విన్నారు.

ఇడ్లీ, కారప్పొడి బాగున్నాయి. దేవాలయం దగ్గర ముప్పావు గంట ఆగారు, అంత సమయం చాలు.

వెల్లంపల్లికి వెళ్లే దారిలో చెట్ల నీడన వ్యాను ఆపి చేయించిన పని ఒకటి నేను మరచిపోలేను. భార్యాభర్తలు ఉంటే ఇద్దరినీ వేరువేరుగా, మిగిలినవారిని ఎవరికి వారుగా కూర్చోబెట్టి, 1 కొరింథీయులకు మొదటి అధ్యాయం 26 నుంచి 29 వచనాలు మౌనంగా చదవమన్నారు. తరువాత ఆ వచనాలకూ ఒంగోలుకూ ఉన్న సంబంధం చెప్పారు. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చినప్పుడు పై కులాల పిల్లలు ఆయన బడికి వస్తున్నారు, వారి పెద్దలు ఆయన మాట వింటున్నారు. ముందు పైవారు నమ్మితే కిందివారు వారి వెనుక వస్తారన్నది ఆ కాలంలో చాలామంది మిషనరీలు నమ్మిన లెక్క. సరిగ్గా ఆ రోజుల్లోనే తోళ్ల వ్యాపారం చేసే ఎర్రగుంట్ల పేరయ్య ద్వారా మాదిగ పల్లెల్లో సువార్త పాకింది; 1867 జనవరిలో ఆయన ఊళ్లో 28 మంది బాప్తిస్మం పొందారు. ఆ మాదిగలను చేర్చుకుంటే మేము రామని పై కులాలవారు తేల్చి చెప్పారు. ఏం చేయాలో తోచక క్లౌ తన గదిలో ఒక బైబిలు తీయగా, లోకంలో వెఱ్ఱివారిని, బలహీనులను, నీచులను దేవుడు ఏర్పరచుకున్నాడన్న ఈ వచనాలే కంటపడ్డాయి. భార్యతో చెబుదామని వెళితే, తన గదిలో ఆమె కూడా అదే పుట తెరిచి ఉంది. వారు మాదిగలనే చేర్చుకున్నారు, బడిలోని పై కులాల పిల్లలు వెళ్లిపోయారు.

ఇది చెబుతున్నప్పుడు మాస్టారి గొంతు మారింది. తన ముత్తాతలు చెప్పులు కుట్టినవారేనని, ఆ రోజు ఆ దంపతులు లోకజ్ఞానం ప్రకారం నడుచుకుని ఉంటే తాను తెలుగు పంతులు అయ్యేవాడిని కాదని, ఇంతకు మించి తనకు సాక్ష్యం లేదని అన్నారు. మా తమ్ముడు తల దించుకుని నేల మీద పుల్లతో గీతలు గీస్తూ ఉండిపోయాడు. వాడితో నాకున్న వాదమంతా గుర్తొచ్చి నేను కూడా ఏమీ అనలేకపోయాను.

గుండ్లకమ్మ ఒడ్డున చెప్పిన విషయాలు కూడా మంచి పట్టుతో ఉన్నాయి. 1876 నుంచి 1878 వరకు కరువు వచ్చినప్పుడు క్లౌ, సర్వేయరుగా తనకున్న పాత అనుభవంతో, బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పని తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. పని చేసేవారికి బోధకులు వాక్యం చెప్పేవారు, బాప్తిస్మం ఇమ్మని వేలాదిమంది అడిగేవారు. కూలి కోసమో గింజల కోసమో ఎవరూ సంఘంలో చేరకూడదని ఆయన దాదాపు పదిహేను నెలలు ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఇన్నేళ్లు ఫలం లేదని మూసేయబోయిన మిషనులో ఫలం గుమ్మం ముందుకు వచ్చి నిలబడితే తలుపు వేసి ఉంచడం ఎవరి తర్కానికి అందుతుంది? సహాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బు లేదని చెప్పినా వచ్చినవారికే 1878 జూలై 2న 614 మందికి, 3న 2,222 మందికి, 4న 700 మందికి ఈ నదిలో బాప్తిస్మం ఇచ్చారు. నీళ్లలో నిలబడినవారు ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకుంటూ. క్లౌ స్వయంగా ఎవరికీ ఇవ్వలేదు. అంకెలు నాకు ఇష్టమైనవే గాని, ఆ రోజు నాకు 2,222 కంటే ఆ పదిహేను నెలల సున్నాయే పెద్దదిగా కనిపించింది.

భోజనాల దగ్గర ఒక సోదరి అడిగిన ప్రశ్నను ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే ఇటువంటి యాత్రలు తప్పుదారి పట్టేది అక్కడే. తన భర్త విశ్వాసంతో షుగరు మాత్రలు ఆపేశారని, తాను వద్దంటే అది అవిశ్వాసమవుతుందా అని ఆమె అడిగారు. మాస్టారు తడుముకోకుండా, "ఆపమని దేవుడు చెప్పాడా, ఆపాలని ఆయనకు అనిపించిందా, ముందు అది తేల్చుకోవాలమ్మా" అన్నారు. బైబిలులో జబ్బుపడిన హిజ్కియా రాజు బ్రతుకుతాడని దేవుడే మాట ఇచ్చిన తరువాత కూడా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడని గుర్తుచేసి, మాత్రలు ఈ రోజే మళ్లీ మొదలుపెట్టించి డాక్టరుకు చూపించమన్నారు. అబ్రాహాముకు వినిపించింది తనను అంతకుముందు ఎన్నో ఏళ్లు నడిపించిన స్వరమని, మన కోరికకు దేవుని పేరు పెట్టుకోవడం లోబడడం కాదని ఆయన చెప్పిన తీరు నాకు ఎంతో నచ్చింది. మా తమ్ముడు రెండేళ్లు ఎందుకు ఆగాడో, మధ్యలో సంఘ పెద్దలను ఎందుకు అడిగాడో, తన భార్య సరేననే దాకా రాజీనామా ఎందుకు రాయలేదో నేను అప్పుడే ఆలోచించాను.

లోపాలు మరి రెండు ఉన్నాయి. కొండ ఎక్కేటప్పుడు పెద్దవారికి చెయ్యి అందించడానికి ఒక్క మనిషే ఉన్నారు. చీకట్లో ఇంకొకరైనా ఉండాలి. నది దగ్గర ఎండ వేళ రెండు గంటలు నిలబెట్టారు, గొడుగులు తెచ్చుకోమని ముందుగా చెప్పలేదు. భోజనం ఇంటి వంటలా ఉంది, వ్యాను శుభ్రంగా ఉంది, చెప్పిన వేళకు చేర్చారు.

తిరిగి వస్తున్నప్పుడు వ్యానులో నేను వేసిన ఆ కాగితాన్ని తమ్ముడే జేబులోంచి తీసి నా చేతికిచ్చాడు. ఇన్నాళ్లు దాచుకున్నాడని నాకు తెలియదు. అంకెలను మళ్లీ చూశాను. ఇప్పటికీ అవి పొసగవు. వాడి పేరు మీద ఉన్న అప్పు వరుస కింద నెలకు ఇంత అని నా వంతు రాసి ఇచ్చేశాను. వాడు జూన్‌లో బడిలో చేరుతున్నాడు. డిసెంబరు సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మను కూడా తీసుకుని మళ్లీ వెళ్లాలని అనుకున్నాం. అమ్మకు మోకాళ్ల నొప్పులు గనుక కొండ కింద ఒక కుర్చీ వేయించమని, జ్యూయెట్ తిరిగి వచ్చిన కథ ఈసారి వదలవద్దని మాస్టారుకు ఇప్పుడే చెప్పి ఉంచాను.