కోటలో తిరునాళ్లు: పిల్లలతో వెళ్లాలంటే ఏది మేలు?

ఈస్టర్ సెలవులు దగ్గరపడితే చాలు, జర్మనీలో ఉండే మనవాళ్ల నుంచి నాకు ఇదే ప్రశ్న. "పిల్లల్ని మిడీవల్ ఫెస్టివల్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం. కాల్టెన్‌బెర్గా, ఎస్లింగెనా?" రెండూ మధ్యయుగాల వేషాలతో జరిగే తిరునాళ్లే, రెండూ చూశాం. మా ఓటు మాత్రం ఎవరూ అడగని మూడోదానికి, బెర్లిన్‌లోని ష్పాండావ్ కోటకి. మేముండేది బెర్లిన్‌లోనే కాబట్టి ఇందులో కాస్త సొంతూరి అభిమానం కూడా ఉందనుకోండి.

కత్తియుద్ధాలు, కమ్మరి కొలిమి, చెక్క కత్తులు, విలువిద్య ఎక్కడికెళ్లినా ఉంటాయి. యూరోని పాతకాలపు నాణెం పేరుతో "టాలర్" అని పిలిచే అంగళ్లవాళ్లూ ఉంటారు. కాబట్టి ఏముందో పోల్చి లాభం లేదు. నేను చూసేది ఒక్కటే: పిల్లాడు "ఇంక చాలు" అన్న నిమిషంలో మన చేతిలో ఏముంటుంది?

కాల్టెన్‌బెర్గ్ మ్యూనిక్‌కి పడమరగా 50 కిలోమీటర్ల దూరం. ఎస్4 రైలెక్కి గెల్టెన్‌డార్ఫ్‌లో దిగాలి. 1979 నుంచి జూలై వారాంతాల్లో జరుగుతోంది. దాదాపు పదివేలమంది పట్టే అరీనాలో ఈటెలు పట్టిన వీరులతో గుర్రాలు ఎదురెదురుగా దూసుకొస్తుంటే కాళ్లకింద నేల అదురుతుంది. అలాంటిది ఇంకెక్కడా చూడలేదు. అయితే ఆ పోటీకి ఒక వేళ ఉంటుంది, మన సీటుకో టికెట్ ఉంటుంది. ఆ వేళకి మా నాలుగేళ్ల చిన్నోడు నా భుజం మీద నిద్రపోయాడు. టికెట్ డబ్బులు గుర్తొచ్చి లేపాను. తర్వాత గంటసేపు అరీనాలో అందరికంటే గట్టిగా అరిచింది వాడే. పదేళ్లు దాటిన పిల్లలుంటే మారు ఆలోచించకుండా కాల్టెన్‌బెర్గ్‌కే వెళ్లండి.

ఎస్లింగెన్ స్టుట్‌గార్ట్ పక్కనే. క్రిస్మస్ సంతతో పాటే మధ్యయుగపు సంత కూడా నడుస్తుంది. ప్రవేశం ఉచితం, కాబట్టి విసుగొస్తే వెళ్లిపోవచ్చు, డబ్బు పోయిందన్న బాధ ఉండదు. కానీ డిసెంబరులో నాలుగున్నరకే చీకటి, ఇరుకు సందులు, తోసుకునే జనం. ఆ కాగడాల వెలుగు పెద్దవాళ్లకి ఎంత అందమో! పిల్లల ఎత్తు నుంచి మాత్రం కనబడేవి జనం కోట్లే. స్ట్రోలర్ తీసుకెళ్తే దాన్ని మోయడమే పని. పైగా కోట కొండమీద, సంత కింద ఊళ్లో.

లాండ్స్‌హుట్ ఊరి వేడుక గురించీ ఒకరిద్దరు అడిగారు. 1475 నాటి రాజుగారింటి పెళ్లిని నాలుగేళ్లకోసారి ఊరంతా వేషాలు కట్టి మళ్లీ జరుపుతుంది. తర్వాతిది 2027లో. ఊరేగింపు గొప్పదే కానీ పక్కన నిలబడి చూడాలి. చిన్నపిల్లలకి అది పని కాదు.

ఇక ష్పాండావ్. ఇక్కడి తిరునాళ్లు ఈస్టర్‌కే. యూ7 మెట్రోలో "త్సిటడెల్లె" స్టేషన్లో దిగితే కాసేపటి నడక. చుట్టూ నీళ్లు, మధ్యలో కోట, వంతెన దాటి లోపలికి. ఆ విశాలమైన ఆవరణలో పిల్లలు పరుగెత్తినా కోట దాటిపోతారన్న భయం తక్కువ. మిగతాచోట్ల మా ఆవిడా నేనూ చెరో పిల్లాడికి కాపలా కాశాం, ఇక్కడ కూర్చుని టీ తాగాం. గోడల మీదికెక్కితే మాత్రం చెయ్యి వదలొద్దు.

నిజం చెప్పాలంటే కవచాలు తొడుక్కున్న వీరులకి ఈ కోట అతకదు. 1559లో మొదలై 1594కి పూర్తయిన కట్టడం ఇది, ఫిరంగుల కాలానిది. అక్కడ ఇబ్రహీం కుతుబ్ షా గోల్కొండని బలపరుస్తున్న రోజుల్లోనే ఇక్కడ ఇటలీ పద్ధతిలో బాణం మొన లాంటి బురుజులు లేచాయి. అచ్చంగా మధ్యయుగానిది జూలియస్ బురుజు. 13వ శతాబ్దం నాటిది, 30 మీటర్ల ఎత్తు. యుద్ధంలో ఓడిన ఫ్రాన్స్ దగ్గర జర్మనీ వసూలు చేసిన పరిహారంలోంచి 12 కోట్ల మార్కుల (అప్పటి జర్మనీ డబ్బు) బంగారు నాణేలు 1874 నుంచి 1919 దాకా ఇందులోనే దాచారు. ఆ ముక్క చెప్పగానే, అప్పటిదాకా కాళ్లు నొప్పులన్న మా పెద్దది మెట్లన్నీ నాకంటే ముందు ఎక్కేసింది.

నేనన్న ఆ "ఇంక చాలు" నిమిషం ఇదే. కత్తియుద్ధం విసుగొస్తే బురుజు, అదీ అయిపోతే గబ్బిలాల కబుర్లు. చలికాలంలో ఈ కోట నేలమాళిగల్లో వేలకొద్దీ గబ్బిలాలు తలదాచుకుంటాయి. వాన పడితే మ్యూజియం ఉంది. ఊళ్లోంచి తీసేసిన పాత విగ్రహాలు చాలా అక్కడే ఉన్నాయి. మూడున్నర టన్నుల లెనిన్ తల పక్కకి ఒరిగి పడుకుని ఉంటుంది. పండుగ టికెట్‌లో ఇవి కలిసొస్తాయా అని గేటు దగ్గరే అడగండి.

తిండి సంగతికొస్తే అన్నిచోట్లా ఒకటే బాధ, ఎటు చూసినా సాసేజ్‌లూ నిప్పులమీద తిరిగే మాంసమూ. శాకాహారులకి చీజ్, పుట్టగొడుగులు పెట్టి కాల్చే "హాండ్‌బ్రోట్" అనే రొట్టె దొరుకుతుంది, కానీ పంది మాంసం పెట్టేదీ ఉంటుంది, అడిగి కొనండి. మేం పులిహోర డబ్బా పట్టుకెళ్తాం. నోట్లు, చిల్లర జేబులో ఉంచుకోండి. ఈస్టర్‌కి బెర్లిన్‌లో ఎండా వానా వంతులేసుకుంటాయి. మా అమ్మాయి పట్టులంగా మీద రెయిన్‌కోటు, కాళ్లకి గమ్‌బూట్లు. ఏ దేశపు రాకుమారి అని ఒక వీరుడు వంగి అడిగితే, "కాకినాడ" అంది.