బ్యాటరీల కోసం 200 రూపాయల మల్టీమీటర్ కొంటున్నారా? అనంతపురం వాళ్ళూ, జాగ్రత్త

అనంతపురంలో చవక మల్టీమీటర్ (వోల్టేజీ, కరెంటు కొలిచే చేతి మీటరు) కొనబోతున్నవాళ్ళు, అందులోనూ లిథియం సెల్స్ ఛార్జ్ చేసుకోవడానికి కొనేవాళ్ళు, డబ్బులు ఇచ్చేముందు ఇది చదవండి. పోతే 200 రూపాయలే కదా అనుకోకండి. మా ఇంట్లో ఇంకొంచెం ఉంటే మంచాలే అంటుకునేవి.

మా తమ్ముడు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. ప్రాజెక్టు కోసం టౌన్‌లో ఒక అంగడి నుంచి పసుపు రంగు చిన్న మీటరు తెచ్చాడు. అదే, 830 నంబరుతో అన్ని ఊళ్ళలోనూ దొరికే రకం. ఛార్జింగ్ బోర్డు మీద వోల్టేజీ మార్చే స్క్రూ తిప్పి, మీటరులో సరిగ్గా 4.20 వోల్టులు కనబడగానే ఆపాడు. లిథియం అయాన్ సెల్‌కు పై హద్దు అదే. వాడు చేసిన పనిలో తప్పేమీ లేదు. కొన్నాళ్ళకే పాత పవర్ బ్యాంకులోంచి తీసిన పలక సెల్ అప్పడంలా ఉబ్బింది. చేత్తో తాకితే వేడి. వెంటనే వైర్లు పీకి, ఇసుక బకెట్‌లో పెట్టి, ఆరుబయట ఉంచేశాం. ఆ మరుసటి రోజు కాలేజీ ల్యాబులో మంచి మీటరుతో అదే బోర్డును కొలిస్తే 4.31 వచ్చింది. మన మీటరు 4.20 అంటోంది. అంటే కొత్త మీటరే, పెట్టెలోంచి తీసిన రోజు నుంచే, పదో వంతు వోల్టు తక్కువ చూపిస్తోంది.

పదో వంతే కదా అనిపిస్తుంది. పెన్సిల్ సెల్‌కైతే ఏమీ కాదు. లిథియంకు అలా కుదరదు. 4.2 దాటితే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, గ్యాస్ పుడుతుంది, ఆ గ్యాసే సెల్‌ను ఉబ్బిస్తుంది. మన ఎండాకాలం 40 డిగ్రీల గదిలో అది ఇంకా త్వరగా జరుగుతుంది.

వెనక మూత విప్పి చూశాను. చిప్ ఉండాల్సిన చోట నల్లటి తారు చుక్క లాంటిది, దాని పక్కన రీడింగ్ సరిచేసే చిన్న స్క్రూ. ఫ్యాక్టరీలో దాన్ని సరైన వోల్టేజీతో పోల్చి, కదలకుండా లక్క చుక్క వేయాలి. ఇక్కడ వేలి గోరుతో తాకితే తిరిగేంత వదులుగా ఉంది. నన్ను ఎక్కువ భయపెట్టింది మాత్రం ఇంకొకటి. ఎక్కువ కరెంటు కొలిచే 10 ఆంప్స్ రంధ్రం నుంచి, నల్ల వైరు పెట్టే కామన్ రంధ్రానికి వంచిన ఒక లావు తీగ, అంతే. మధ్యలో ఫ్యూజ్ లేదు. ముందువైపు ఆ రంధ్రం పక్కనే 'అన్‌ఫ్యూజ్డ్' అని చీమంత అక్షరాలతో రాసి కూడా ఉంది. అదే మీటరు మీద 'క్యాట్ 3' అని గొప్పగా ముద్రించారు. క్యాట్ 3 అంటే ఇంటి మెయిన్ బోర్డు మీద కూడా సురక్షితంగా వాడొచ్చు అని అర్థం. ఆ ముద్రను నమ్మి ఎవరైనా మెయిన్ బోర్డు మీద పెడితే ప్రాణం మీదికి వస్తుంది.

ఎర్ర వైరు 10 ఆంప్స్ రంధ్రంలో ఉండగా ఇన్వర్టర్ బ్యాటరీ వోల్టేజీ చూశారనుకోండి, అది బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ క్షణంలో వందల ఆంప్స్ తోస్తుంది. ఆ సన్న వైర్లు చేతిలోనే కరిగిపోతాయి. పిల్లలున్న ఇంట్లో ఇలాంటి మీటరు పెట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

ఇంకో మోసం మెల్లగా జరుగుతుంది. ఈ మీటరులోని 9 వోల్టుల బ్యాటరీ నీరసపడితే రీడింగ్ తగ్గదు, పెరుగుతుంది. ఏ వోల్టేజీతో పోల్చి కొలుస్తుందో అదే లోపల పడిపోతుంది కాబట్టి కొలిచేది ఎక్కువగా కనబడుతుంది. మంచి మీటరైతే బ్యాటరీ గుర్తు చూపించి హెచ్చరిస్తుంది. చవకవాటిలో చాలాసార్లు ఆ గుర్తే రాదు. 12.1 వోల్టులున్న, అంటే సగం ఖాళీ అయిన ఇన్వర్టర్ బ్యాటరీ 12.7 అని నిండుగా కనిపిస్తుంది. ఛార్జ్ అయిందిలే అని వదిలేస్తారు. అలా సగం ఛార్జ్‌తో నెలల తరబడి ఉంటే లెడ్ ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది. వేలు పోసి కొన్న బ్యాటరీ పాడైపోతుంది, తిట్లు బ్యాటరీ అంగడాయనకు పడతాయి.

ఈ రకం మీటర్లలో సరిగ్గా తయారైనవి కూడా ఉంటాయి, కాదనను. కానీ వాటి లెక్క కూడా చూడండి. డీసీ (బ్యాటరీ) వోల్టులకు మామూలుగా రాసే తేడా హద్దు 0.5 శాతం, ఆపైన చివరి అంకెలో 2. 20 వోల్టుల రేంజిలో 4.20 చూపిస్తే అసలు 4.16 నుంచి 4.24 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. ఆ హామీ కూడా 18 నుంచి 28 డిగ్రీల వేడిలోనే. మే నెలలో మిద్దె మీద సోలార్ ప్యానెల్ దగ్గర కొలిస్తే ఆ హామీ వర్తించదు.

వైరు తెగిందా లేదా, ఎల్ఈడీ వెలుగుతుందా లాంటి పనులకు చవక మీటరు చాలు. లిథియం జోలికి పోతే మాత్రం 6000 కౌంట్ల మీటరు తీసుకోండి. అది 4.200 అని చుక్క తర్వాత మూడు అంకెలు చూపిస్తుంది. రెండు కరెంటు రంధ్రాలకూ ఫ్యూజ్ ఉండాలి, అదీ గాజుది కాకుండా ఇసుక నింపిన పింగాణీదైతే మేలు. 1000 రూపాయలకు అటూ ఇటూగా దొరుకుతాయి. అంత పెట్టలేని విద్యార్థులు స్క్రూ తిప్పే బోర్డు మానేసి, 4.2 దగ్గర తనంతట తానే ఆగే టీపీ4056 బోర్డు వాడండి. ఒక్కో సెల్‌కు అది చవక, మీటరు మీద ఆధారపడే పనీ ఉండదు.

కొనేటప్పుడు అంగట్లోనే రెండు మీటర్లు తీయించి ఒకే సెల్‌కు పెట్టి చూడండి. 200 ఓమ్‌ల రేంజిలో ప్రోబ్‌లు (కొలిచే వైర్ల కొసలు) రెండూ ఒకదానికొకటి తాకిస్తే ఒక ఓమ్ లోపే రావాలి. ఎక్కువ వచ్చినా, వైరు కదిలిస్తే అంకె గంతులేసినా వద్దనండి. విసుక్కుంటే పక్క అంగడి ఉంది.

మేము వాపసు ఇవ్వడానికి వెళ్తే అంగడాయన "వాడేసినాక తీసుకోం అన్నా, అందరూ ఇదే తీసుకపోతారు, ఎవరూ ఏమనలేదు" అన్నాడు. కొన్న రోజు బిల్లు అడిగితే జీఎస్టీ అదనం అని ఇవ్వలేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం తప్పు. వస్తువులో లోపముంటే, బిల్లులో గడువేమీ రాయనప్పుడు 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోనని అనడమూ తప్పే. ఫోన్‌లో డబ్బు కట్టిన రికార్డు, విప్పిన మీటరు ఫొటోలు, ల్యాబు మీటరు పక్కన పెట్టి తీసిన రీడింగ్ ఫొటో జత చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాం. మీ దగ్గరా ఇలాంటి మీటరుంటే, మూత విప్పేముందే అంగట్లో చెప్పి, ఫొటోలు తీసి పెట్టుకోండి. విప్పాక సీలు పోయిందని సాకు చెబుతారు.